ఉబ్బసరోగి దినచర్య



నేను ముప్పదిమూడు సంవత్సరములు పాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. ఆ కాలమంతయు ప్రతి యుదయమున నేను చేసిన మొదటి పని హాజరుపట్టీ తెఱచి పిల్లల పేర్లు పిలుచుట. ఏ బాలుడు ఏ మాసమున ఎన్ని దినములు రాలేదో ఎవరడిగినను తడుముకొనకుండ చెప్పగలిగెడివాడను. అట్టి నేను నా సొంత శరీరమునకు మాత్రము ఏ పట్టీయు వ్రాసికొనలేదు. ఇరువదియైదేండ్లుగా నాకు ఉబ్బసము కలదు. అది ఎప్పుడు హెచ్చునో, ఏ మందునకు తగ్గినదో, ఏ మందు పడలేదో ఎవరైన అడిగినచో, "అప్పుడప్పుడు వచ్చును, అప్పుడప్పుడు పోవును" అనుటయే నాకు తెలిసిన యుత్తరము.

మూడేండ్ల క్రిందట కార్తిక మాసమున ఒక రాత్రి ఊపిరి అందక నన్ను పట్టణములోని యొక వైద్యశాలకు గొనిపోయిరి. అక్కడి వైద్యుడు వయసున నా శిష్యుల శిష్యుడనదగినవాడు. ముందుగా ఆవిరిమందు పట్టించి, నాకు కొంత నెమ్మదించిన పిమ్మట, ఈ ఆయాసము ఏనాటినుండి హెచ్చినదనియు, ఇప్పుడు ఏయే మందులు వాడుచున్నాననియు, ఇంతకు మునుపు పడని మందు ఏదైన కలదా యనియు అడిగెను. మూడింటికిని నేను మౌనమే వహించితిని. మఱునాడు నా మనుమడు ఇంటికి పోయి గోడకొయ్యకు వ్రేలాడుచుండిన గుడ్డసంచి తెచ్చెను. అందు పెక్కేండ్ల కాగితములు చిక్కుపడి యుండెను. కొన్నింటిపై అక్షరములు వెలిసిపోయినవి. ఎక్స్‌రే పటములు రెండు వేడికి ఒకదానికొకటి అంటుకొనినవి. ఆ సంచిలో ఆ వైద్యునికి ఏమి దొరకెనో ఈ ప్రసంగము ముగియులోపల మనవి చేసెదను. అది దొరకకున్నచో నేడు మీతో మాటలాడుటకు నేను ఉండెడివాడనో లేదో చెప్పలేను.

నాటినుండి నాకొక విషయముపై ఆసక్తి కలిగినది. విడువని శ్వాసవ్యాధి కలవారు తమ వ్యాధిని గుఱించి వ్రాసియుంచుకొనుట ఎప్పుడు మొదలైనది? ఎవరు వ్రాసిరి? అందువలన ఎవరికి ఏమి మేలు కలిగినది? ఈ మూడు ప్రశ్నలకు నాకు దొరకిన సమాధానములే నేటి ప్రసంగము.

మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధిని బాగుగ నెఱిగినవారే. చరకసంహిత చికిత్సాస్థానమున హిక్కాశ్వాసములకు ప్రత్యేకముగ ఒక అధ్యాయము కలదు. అందు శ్వాసరోగము మహాశ్వాసము, ఊర్ధ్వశ్వాసము, ఛిన్నశ్వాసము, తమకశ్వాసము, క్షుద్రశ్వాసము అని ఐదు విధములుగ చెప్పబడినది. వీనిలో తమకశ్వాసమే మన యుబ్బసము. మబ్బు పట్టినప్పుడును, వాన కురిసినప్పుడును, చలిలోను, తూర్పుగాలి వీచినప్పుడును అది హెచ్చుననియు, పండుకొన్నచో బాధ అధికమై కూర్చున్నచో తగ్గుననియు, కఫము వెడలిన పిమ్మట కొంతసేపు సుఖము కలుగుననియు అందు వర్ణింపబడినది. ప్రాచ్యకళాశాలలో విద్యార్థిగా నున్నప్పుడు ఈ వర్ణనము నాకొక పాఠము మాత్రమే. వ్యాధి వచ్చిన తరువాత చదువగా, ఎవరో నా మంచము ప్రక్కను కూర్చుండి చూచి వ్రాసినట్లు తోచినది.

వ్యాధులలో కుదురునవి సాధ్యములనియు, కుదురనివి అసాధ్యములనియు, ఈ రెంటి నడుమ నున్నవి యాప్యములనియు మన శాస్త్రము విభజించినది. తమకశ్వాసము క్రొత్తగా వచ్చినదైనచో సాధ్యము కావచ్చును గాని, సాధారణముగా యాప్యమని చరకుని మతము. యాప్యమనగా పూర్తిగా మానదు. కాని తగిన యుపచారమున్నంతకాలము మనిషి నిలుచును. సుశ్రుతుడు దీనికొక యుపమానము చెప్పినాడు. పడబోవు ఇంటికి సరిగా నిలిపిన ఊతకంబము ఎట్టిదో, యాప్యరోగికి తగిన చికిత్స అట్టిదని దాని భావము. పెంకుటింటి దూలము క్రుంగినప్పుడు ఊత నిలిపినవారు మీలో ఎందఱో యుందురు. ఊతను ఒక్కనాడు నిలిపి మఱచిపోయిన చాలదని మీకు తెలియును. అది జాఱినదా, దానికి చెద పట్టినదా, దూలము మఱింత దిగినదా యని చూచుచుండవలెను.

ఈ చూచుట జ్ఞాపకముతో కాదు. రాత్రి రెండుగంటలకు ఊపిరాడనివానికి అంతటి బాధ లోకమున మఱియొకటి లేదు. మఱునాడు పదిగంటలకు ఎండ యెక్కి ఱొమ్ము తేలికపడిన పిమ్మట, ఆ రాత్రి ఏమియు జరుగనట్లే యుండును. పదిదినముల తరువాత వైద్యుని యెదుట కూర్చున్నప్పుడు ఎన్ని రాత్రులు నిద్ర లేదో చెప్పుమనగా మనము ఊహించి చెప్పుదుము. ఉబ్బసము రాకపోకలు గల వ్యాధి. వైద్యుడు చూచినది ఒక్క దినమును. రోగి యనుభవించునది మూడువందల అఱువదియైదు దినములను. ఆ మిగిలిన దినములను వైద్యుని యెదుట నిలుపునది వ్రాత యొక్కటే.

ఈ సంగతిని మొదట బాగుగ గ్రహించినవారిలో నొకడు ఇంగ్లండు దేశమున లిచ్‌ఫీల్డు అను పట్టణమున నివసించిన జాన్ ఫ్లాయరు అను వైద్యుడు. ఇతడు 1649లో జన్మించెను. వైద్యుడే యైనను తానును ఉబ్బసరోగియే. తన్ను ముప్పదియేండ్లుగా పీడించుచున్న వ్యాధిని తానే పరిశీలించి, 1698లో ఉబ్బసమును గుఱించి యొక గ్రంథమును ప్రకటించెను. తన కాయాసము సాధారణముగా మొదటి నిద్ర ముగియు వేళ, రాత్రి ఒంటిగంట రెండుగంటల ప్రాంతమున వచ్చుచున్నదని ఇతడు గుర్తించెను. దుమ్మునకు, పొగకు, గాలిమార్పునకు, ఆహారమునకు ఆయాసముతో గల సంబంధమును పట్టి చూచెను. తాను ఆక్స్‌ఫర్డులో చదువుకొన్న దినములలో సుఖముగ నుండి, స్వస్థలమునకు వచ్చినప్పుడెల్ల వ్యాధి పైబడుటను గూడ గమనించి వ్రాసెను. ఊపిరి చెడిన ఆడుగుఱ్ఱము నొకదానిని చచ్చిన పిమ్మట కోయించి, దాని ఊపిరితిత్తులు ఉబ్బి యుండుటను వర్ణించెను. నాడిని లెక్కించుటకై నిమిషము కాలము నడచు గడియారమును చేయించి, 1707లో ఆ విషయమునను ఒక గ్రంథము వ్రాసెను.

ఫ్లాయరు పరమౌషధమును కనిపెట్టలేదు. ఆ కాలపు వైద్యమున అతనికి లభించిన మందులు కొద్దియే. కాని తన వ్యాధి రాకపోకలను లెక్కించి, దేనివలన హెచ్చుచున్నదో తెలిసికొని, దానికి దూరముగ నుండెను. ఇట్లు ఉబ్బసముతోనే ఎనుబదియేండ్లు దాటి జీవించి 1734లో మరణించెను.

ఫ్లాయరు గ్రంథమునకు కొంతకాలమునకు ఒక మహానుభావుడు పాఠకుడయ్యెను. అదే లిచ్‌ఫీల్డు పట్టణమున 1709లో ఒక పుస్తకవిక్రేతకు జన్మించిన శామ్యూల్ జాన్సను పండితుడు. ఇంగ్లీషుభాషకు 1755లో ప్రసిద్ధమైన నిఘంటువును రచించినవాడు ఇతడే. నిఘంటుకర్త యనగా మావంటి పండితులకు సహజముగనే గౌరవము. పైగా ఇతడును కొంతకాలము లిచ్‌ఫీల్డునకు సమీపమున బడి నడపిన యుపాధ్యాయుడు. ఆ బడి సాగలేదు.

జాన్సను పసివాడుగ నున్నప్పుడు అతని మెడకు గండమాల వచ్చినది. రాజహస్తము తాకినచో ఆ వ్యాధి నశించునని ఆ దేశమున నమ్మకముండెడిది. ఫ్లాయరు వైద్యుడే ఆ తల్లికి సలహా చెప్పగా, ఆమె 1712లో బిడ్డను లండనునకు గొనిపోయి ఆన్ రాణిచేత తాకించెను. రాణి స్పర్శవలన గండమాల పోలేదు. డెబ్బదిరెండేండ్లు గడచినవి. 1784వ సంవత్సరమున జాన్సను ఆయాసముతోను, కాళ్లవాపుతోను క్రుంగి, వేసవికాలమున లండను విడిచి స్వస్థలమునకు వచ్చెను. అక్కడి ప్రధాన దేవాలయపు గ్రంథాలయమునుండి, తన్ను పసితనమున చూచిన ఆ ఫ్లాయరు వ్రాసిన ఉబ్బసగ్రంథమును ఎరవు తెప్పించుకొని చదివెను. ఇంతటి వ్యాధితోను ఆ వైద్యుడు వృద్ధుడగువఱకు జీవించినాడు గదా యని లండనులోని తన వైద్యునికి జాబు వ్రాసెను. బిడ్డగా నున్నప్పుడు ఆ వైద్యుని సలహా ఫలింపలేదు. ముసలితనమున ఆయన వ్రాత ఓదార్పయ్యెను.

ఆ జూలై మాసముననే జాన్సను లాటిను భాషలో ఒక చిన్న దినచర్య ప్రారంభించెను. దాని పేరునకు రోగి దినచర్య యని యర్థము. నవంబరు వఱకు దానిని విడువక వ్రాసెను. అందు అలంకారములు లేవు. వాక్యములు గూడ పూర్తిగ నుండవు. రాత్రి నిద్ర పట్టినదా, ఊపిరి ఎట్లున్నది, నల్లమందు ఎంత తీసికొనెను, వాపు తగ్గుటకై అడవియుల్లి జాతి గడ్డతో చేసిన మందు ఎంత తీసికొనెను, నీరుడు ఎంత వెడలినది — ఇవియే అందలి విషయములు. ఈ విషయములనే లండనులోని బ్రాకిల్స్‌బీ మొదలగు తన వైద్యులకు జాబులలో తెలియపఱచుచుండెను. వైద్యుడు ఎన్నో ఆమడల దూరమున నున్నను, రోగి వ్రాతయే ఆయనకు కన్నులయ్యెను. నలువదివేలకు పైగా పదములకు అర్థము వ్రాసిన ఆ చేయి చివరి దినములలో తన యూపిరికి లెక్క వ్రాసినది. భాష ఎంత పొదుపుగ నున్నను దానిలో సత్యము కొఱవడలేదు. మందు ఎక్కువ తీసికొన్ననాడు ఎక్కువ యనియే వ్రాసెను.

జాన్సను ఆ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన మరణించెను. అంతకు ముందే తన కాగితములలో పెక్కింటిని తగులబెట్టించెను. రోగి దినచర్య మాత్రము మిగిలినది. మరణానంతరము శరీరమును పరీక్షించినప్పుడు ఊపిరితిత్తులు ఉబ్బి, ముడుచుకొనక యుండుట కనబడెను. ఉబ్బిన ఊపిరితిత్తికి తొలిపటములలో నొకటిగా మాథ్యూ బెయిలీ అను వైద్యుడు కొంతకాలమునకు ముద్రింపించిన చిత్రము జాన్సనుదే యని చెప్పుదురు. దినచర్య అతని ప్రాణమును నిలుపలేదని మీరు అనవచ్చును. నిజమే. ఆ కాలమున ఏ మందును నిలుపలేకపోయెడిది. కాని కుదరని వ్యాధితో దినమొక్కటిగా బ్రతుకుటకు, వైద్యుని సలహా వ్యర్థము కాకుండుటకు, ఆ దినచర్య ఊతయైనది.

ఫ్లాయరును జాన్సనును వ్రాసినది మాటలలో. మాటలకు ఒక లోపము కలదు. ఒకని "కొంచెము ఆయాసము" మఱియొకనికి "చాల ఆయాసము". ఊపిరిని కొలచి అంకెలలో చెప్పు మార్గమును చూపినవాడు జాన్ హచిన్‌సను అను వైద్యుడు. నీటిలో బోర్లించిన పాత్రలోనికి రోగిచేత నిండారపీల్చిన గాలిని ఊదించి, అది ఎంతయో కొలచు యంత్రమును ఇతడు సిద్ధపఱచి, 1846లో రెండువేలకు పైబడిన మనుష్యుల కొలతలను ప్రకటించెను. మనిషి పొడవును బట్టి ఈ కొలత పెరుగుటయు, ఊపిరితిత్తుల వ్యాధిలో తగ్గుటయు అందు కనబడినవి. ఆ యంత్రమునే స్పైరోమీటరు అందురు. నేటికిని పెద్ద వైద్యశాలలలో ఊపిరి పరీక్ష యనగా దాని సంతతియే.

1860లో హైడ్ సాల్టరు అను వైద్యుడు ఉబ్బసముపై మఱియొక పెద్దగ్రంథము వ్రాసెను. ఇతడును ఆ వ్యాధి కలవాడే. తన వద్దకు వచ్చిన రోగుల వృత్తాంతములను ఒక్కొక్కటిగ వ్రాసి కూర్చెను. ఒకనికి ఎండుగడ్డి, ఒకనికి పిల్లి దగ్గఱకు వచ్చుట, మఱియొకనికి పొగ — ఇట్లు ఆయాసమునకు కారణములు మనిషిమనిషికి వేఱుగ నుండునని ఆ వృత్తాంతములవలన స్పష్టమైనది. ఒకనికి పడనిది ఇంకొకనికి పడవచ్చును. కావుననే పొరుగువాని యనుభవము మనకు చాలదు. ఎవని పట్టీ వానికుండవలెను.

హచిన్‌సను యంత్రము పెద్దది. ఇంటిలో నుంచుకొనునది కాదు. 1959లో మార్టిన్ రైటు అను ఇంగ్లీషు వైద్యుడు ఊపిరి వడిని కొలచు పరికరమును ప్రకటించెను. తరువాత అది జానెడు ప్లాస్టికు గొట్టమంత చిన్నదై సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. పీక్ ఫ్లో మీటరు అని దాని పేరు. నిండుగ పీల్చి, ఒక్కపెట్టున బలముగ ఊదవలెను. మూడుమాఱులు ఊది, అన్నింటికంటె ఎక్కువయైన అంకెను వ్రాసికొనవలెను. చెఱువు తూము వద్ద నీటిమట్టమును కొలచు రాయి ఎట్టిదో ఉబ్బసరోగికి ఇది యట్టిది. నీరు తగ్గుట కంటికి తెలియకముందే రాతిపై తెలియును. ఆయాసము పైకి కనబడకముందే అంకె దిగుట తఱచుగ కనబడును.

ఇక వ్రాసిన కాగితములను ఎట్లు ఉంచవలెనను ప్రశ్న. ఇది చిన్నదిగ తోచును గాని, ప్రాణముతో ముడిపడియున్నది. అమెరికా దేశమున రాచెస్టరు పట్టణమునందలి మేయో వైద్యశాలలో పూర్వము ఏ వైద్యుని పద్దుపుస్తకము ఆ వైద్యునిదే. ఒక రోగి ముగ్గురు వైద్యులను చూచినచో అతని చరిత్ర మూడు పుస్తకములలో ముక్కలై యుండెడిది. హెన్రీ ప్లమ్మరు అను వైద్యుడు 1907లో ఈ పద్ధతిని మార్చెను. ప్రతి రోగికి ఒక సంఖ్య, ఆ సంఖ్యకు ఒక కట్ట. ఏ వైద్యుడు చూచినను ఆ కట్టలోనే వ్రాయవలెను. నేడు లోకమంతట వైద్యశాలలలో నడచుచున్న పద్ధతికి అది మార్గదర్శకమైనది. గ్రామకరణము దస్తరములో సర్వే నెంబరు వారీగ భూమి చరిత్ర యుండెడిది గదా. పేరును బట్టి వెదకినచో దొరకని తగాదా నెంబరును బట్టి వెదకినచో తేలెడిది. ఇదియు అట్టిదే.

నా గుడ్డసంచి కథను ఇప్పుడు చెప్పెదను. ఆ యువవైద్యుడు విసుగుకొనక, నా మనుమని ప్రక్కను కూర్చుండబెట్టుకొని, కాగితములనన్నిటిని తేదీల వరుసను బల్లపై పఱచెను. ఊపిరికి చూపించుకొన్న కాగితములును, కంటికి చూపించుకొన్న కాగితములును మొదటిసారి ఒక్కచోట చేరినవి. నాకు కంటిలో నీటికాసులు కలవని అంతకు రెండునెలల మునుపు ఒక కంటివైద్యుడు చుక్కలమందు వ్రాసి యిచ్చెను. తప్పు ఆయనది కాదు. ఉబ్బసము కలదా యని ఆయన యడిగినప్పుడు, అది కంటికి సంబంధించినది కాదని తలచి, "పెద్దగా ఏమియు లేదండీ" అని నేనే యంటిని. ఆ చుక్కలలో టిమోలాల్ అను మందు కలదు. కంటిలో వేసిన చుక్క కంటితో ఆగదు. కొంత రక్తములో కలియును. ఆ జాతి మందులు ఉబ్బసరోగుల శ్వాసనాళములను ముడుచుకొనజేయగలవు. చుక్కలు మొదలైన వారమునకే నేను దగ్గుమందు కొన్న చీటియు, మఱి పదిదినములకు ఆయాసమునకు సూదిమందు వేయించుకొన్న చీటియు ఆ వరుసలో ప్రక్కప్రక్కనే కనబడినవి. రెండునెలలుగా నా యింటనే సంచిలో నున్న సమాధానము, వరుసను పెట్టగనే అరగంటలో దొరకినది. ఆయన కంటివైద్యునితో ఫోనులో మాటలాడి వేఱొక మందునకు మార్పించెను. కొన్ని దినములలో నా యూపిరి యథాస్థితికి వచ్చెను.

మఱియొక వృత్తాంతము మనకు దగ్గఱిది. అది ఉబ్బసమును గుఱించినది కాదు, క్షయను గుఱించినది. అయినను ఊపిరితిత్తుల వ్యాధిలో సత్యముగ వ్రాసిన వ్రాతకు ఎంతటి బలము కలదో అది చూపును. ఒకప్పుడు క్షయ వచ్చినవారు ఇల్లు విడిచి మదనపల్లె వద్ద ఆరోగ్యవరము వంటి శానిటోరియములకు పోయి, నెలలకొలది పండుకొని యుండవలసి వచ్చెడిది. పడకలు కొద్ది; రోగులు పెక్కుమంది. మంచి మందులు వచ్చిన పిమ్మట, ఇంటనుండియే నయము చేసికొనవచ్చునా యను ప్రశ్న పుట్టినది. 1956లో మద్రాసులో స్థాపింపబడిన క్షయచికిత్సా కేంద్రమువారు దీనిని పరీక్షించిరి. పేదకుటుంబములకు చెందిన 193 మంది రోగులను రెండు భాగములుగ జేసి, కొందఱిని శానిటోరియముననుంచియు, కొందఱికి ఇంటివద్దనే మందులిచ్చియు ఒక సంవత్సరము చూచిరి.

ఇంటనున్నవారు మందు మ్రింగిరో లేదో ఎట్లు తెలియును? కేంద్రమువారు చెప్పకుండ ఇండ్లకు పోయి మిగిలిన మందును లెక్కించిరి, నీరుడును పరీక్షించిరి, ఉన్నదున్నట్లు వ్రాసికొనిరి. 1959లో ఫలితములు ప్రకటింపబడినవి. ఇంట మంచి తిండియు విశ్రాంతియు తక్కువైనను, ఇంటి రోగులకు కలిగిన గుణము శానిటోరియమువారి గుణమునకు ఇంచుమించు సమానమే. ఆ పిమ్మట క్షయరోగులు భార్యాబిడ్డలను విడిచి దూరము పోవలసిన యవసరము క్రమముగ తగ్గినది. లక్షలకొలది కుటుంబములు ఒకటిగ నిలిచినవి. మానిన మోతాదును గూడ మానినట్లే వ్రాయుటవలననే ఆ ఫలితమును లోకము నమ్మినది. మన యింటి పుస్తకమునకును ఇదియే ధర్మము. మందు మఱచిననాడు మఱచితినని వ్రాయవలెను. చుట్ట కాల్చిననాడు కాల్చితినని వ్రాయవలెను. వైద్యుని మెప్పించుటకై వ్రాసిన లెక్క దొంగ హాజరువంటిది. తనిఖీనాడు పట్టీ నిండుగ కనబడును. బడిలో మాత్రము పిల్లలుండరు.

ఇప్పుడు నేను ఉంచుకొన్న పద్ధతి చెప్పి ముగించెదను. ఒక గట్టి అట్టల పుస్తకము కొంటిని. మొదటి పుటలో నా పేరు, వయస్సు, ఇంటివారి ఫోను నెంబరు, నాకున్న వ్యాధులు, వాడుచున్న మందులు, వాని మోతాదులు వ్రాసితిని. వాని క్రింద పడని మందును ఎఱ్ఱసిరాతో వ్రాసితిని. రెండవ పుటనుండి దినమునకొక వరుస. తేదీ, రాత్రి ఎన్నిమాఱులు లేచితినో, అత్యవసరపు ఇన్‌హేలరు ఎన్నిమాఱులు పీల్చితినో, ఉదయసాయంకాలముల ఊదుడు అంకెలు, ఆనాటి విశేషము. ఇంతే. దీనికి రెండు నిమిషములు చాలును. కాగితములను తేదీల వరుసను చిల్లు పొడిచి, పాఠశాలలో కట్టినట్లు టాగుతో కట్టితిని. అక్షరములు వెలిసిపోవు రసీదు కాగితములకు జిరాక్సు తీయించి ఉంచుచున్నాను. ఎక్స్‌రే పటములను వేడి తగులనిచోట బల్లపరుపుగ నుంచుచున్నాను.

ఏడాది తిరుగులోపల ఆ పుస్తకము నాకు నేను ఎఱుగని సంగతులు చెప్పినది. మబ్బు పట్టిననాడు నాకు ఆయాసము హెచ్చునని నా నమ్మకము. చరకుడు చెప్పినాడు గదా యని నేను విచారింపలేదు. పుస్తకము చూడగా, నా విషయమున మబ్బుకంటె నూర్పిడి దుమ్మును, కొయ్యకాళ్లు కాల్చిన పొగయును హెచ్చు శత్రువులు. సాధారణముగా 320 ఊదెడి నేను ఆ దినములలో 240కి దిగుచుంటిని. చరకుడు తప్పు చెప్పలేదు. ఆయన మనుష్యజాతికి చెప్పెను, ఈ పుస్తకము నాకు చెప్పినది. ఇప్పుడు నూర్పిడి వేళ నేను కళ్లము వైపు పోను. భోగిమంటకు దూరముగ అరుగుమీదనే కూర్చుండెదను. అంకె దిగగనే ఏమి చేయవలెనో వైద్యుడు ముందుగనే వ్రాసి యిచ్చినాడు. అట్లే చేసెదను. వైద్యుని అడుగక మందును పెంచుటయు, మానుటయు మాత్రము ఎన్నడును చేయను. పుస్తకము వైద్యునికి సహాయము. వైద్యునికి మాఱు కాదు.

ఈ కాలమున ప్రభుత్వమువారు 2021 సెప్టెంబరు 27వ తేదీన దేశమంతటికి ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అను ఏర్పాటువలన, కోరినవారికి పదునాలుగంకెల ఆరోగ్యసంఖ్య లభించుచున్నది. ఆ సంఖ్యతో మన వైద్యపత్రములను ఫోనులో కూర్చుకొనవచ్చును. ప్లమ్మరు వైద్యుని కట్టయే ఫోనులోనికి వచ్చినదని చెప్పవచ్చును. మనుమలు మనుమరాండ్రు ఇంటనున్నవారు వారిచేత చేయించుకొనుడు. కాని రాత్రి ఎన్నిమాఱులు లేచితిమో ఆ సంఖ్యకు తెలియదు. అది మనమే వ్రాయవలెను.

పెద్దలారా! మీ యిండ్ల పెట్టెలలో భూమి దస్తావేజులు మడత నలుగక యున్నవి. పిల్లల జాతకములు పసుపుగుడ్డలో భద్రముగ నున్నవి. పొలము గట్టు జానెడు జరిగినదని తగవు వచ్చినచో నలువదేండ్లనాటి కాగితము తీసి చూపగలరు. ఆ పెట్టెలోనే మఱియొక పుస్తకమునకు చోటు చేయుడు. ఉబ్బసమున్నవారు ఉబ్బసమునకు, పొయ్యి పొగతో ఊపిరితిత్తులు చెడిన ఇల్లాండ్రున్నచో వారి కొఱకు, అక్షరము రానివారి పుస్తకమును వచ్చినవారు వ్రాయుడు. అర్ధరాత్రి ఊపిరాడనప్పుడు మనకు మాట రాదు. అప్పుడు మన తరపున మాటలాడవలసినది ఆ పుస్తకమే.